సెల్లార్ అద్దె ఎవరు కడుతున్నారు?

2023 నవంబరు 13, సోమవారం. దీపావళి మరునాడు. హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంటు కింది భాగంలో రేగిన మంటలు తొమ్మిది మందిని బలి తీసుకున్నాయి. మంట తగిలి పోయినవాళ్ల కంటే పొగకు ఊపిరాడక పోయినవాళ్లే ఎక్కువ. బండ్లు నిలపాల్సిన చోట పాలియెస్టర్ రెజిన్ డ్రమ్ములు పేర్చి ఉన్నాయి. అక్కడే ఒక కారు మరమ్మతు చేస్తుండగా నిప్పురవ్వలు లేచాయని అధికారులు మొదట చెప్పారు. ఆ డ్రమ్ముల మీద వచ్చిన లాభంలో పై అంతస్తులవాళ్లకు పైసా వాటా లేదు. నష్టం మాత్రం మొత్తం వాళ్లకే వచ్చింది.

అసెంబ్లీ ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతున్న రోజులవి. నాయకులంతా వచ్చారు, పరామర్శించారు, నష్టపరిహారం ప్రకటించారు. మాట తప్పారని మా ఫిర్యాదు కాదు. ఆ పరిహారం ప్రజల ఖజానా నుంచి వచ్చిందన్నది మా ఫిర్యాదు. కింద సరుకు దాచి అద్దె మిగుల్చుకున్నది ఒకరు, ప్రాణాలు పోగొట్టుకున్నది మరొకరు, డబ్బు చెల్లించింది ఊరంతా. ఇలా ముగ్గురి మధ్య పంచిన లెక్కను ప్రమాదం అని పిలిస్తే అసలు విషయం మరుగున పడిపోతుంది. ఇది ఎవరో ఒకరు కూర్చుని వేసుకున్న వ్యాపార లెక్క. ఆ లెక్క ఇప్పటికీ లాభంగానే తేలుతోంది. అది మారనంత కాలం అబిడ్స్, నాంపల్లి వీధుల్లో ఇంకో బజార్‌ఘాట్ జరిగి తీరుతుంది.

జంట నగరాల ఇటీవలి చరిత్రే దీనికి సాక్ష్యం. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోడౌన్‌లో పైన పడుకున్న 11 మంది బిహారీ కూలీలు కాలిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో కింది ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం అంటుకుని ఎనిమిది మంది పోయారు. 2023 జనవరి 19న మినిస్టర్ రోడ్డులోని డెక్కన్ భవనంలో ముగ్గురు కార్మికులు, మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో పొట్టకూటికి జిల్లాల నుంచి వచ్చిన ఆరుగురు యువతీయువకులు. నవంబరులో బజార్‌ఘాట్. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో 17 మంది. అక్కడ కింద దుకాణాలు, పైన కాపురం, రాకపోకలకు ఒకే ఇరుకు దారి. మొత్తం 54 ప్రాణాలు. కారణాలు ఒక్కోచోట ఒక్కోటి కావచ్చు. కానీ దాదాపు అన్నిచోట్లా కింద సరుకో, వ్యాపారమో ఉంది, పైన మనుషులున్నారు, బయటపడే దారి ఇరుకు.

అబిడ్స్ నుంచి మొజంజాహీ మార్కెట్ మీదుగా కోఠీ వైపు నడిస్తే ఈ వ్యాపారం ఎంత దగ్గర దగ్గరగా అల్లుకుని ఉందో తెలుస్తుంది. జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు, బ్యాటరీలు, ఛార్జర్లు. ట్రూప్ బజార్‌లో విద్యుత్ సామాన్లు, శానిటరీ సరుకు, హార్డ్‌వేర్. గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్. కాస్త ముందుకెళితే బేగంబజార్ టోకు దుకాణాలు. షట్టర్ ముందు గజం జాగాకు కూడా గిరాకీ ఉంది. పాత దుకాణాల్లో అద్దె కన్నా పగిడీ, అంటే దుకాణం చేతికి రావడానికి ఒకేసారి కట్టే మొత్తం, బరువెక్కువ. ఇలాంటి చోట దుకాణదారుకు సరుకు పక్కనే కావాలి. గిరాకీ వచ్చి పది పెట్టెలు అడిగితే, హమాలీ పది నిమిషాల్లో మోసుకురావాలి. గోడౌన్ కాటేదాన్‌లోనో అవుటర్ రింగు రోడ్డు పక్కనో ఉంటే ట్రాలీ ఆటో కిరాయి, ట్రాఫిక్‌లో గంటలు, చేజారిన బేరం, అన్నీ అతని నెత్తినే పడతాయి. అందుకే వీధి చివరి అపార్ట్‌మెంటు సెల్లార్ అతనికి బంగారం. భవన యజమానికీ అంతే. కార్లు నిలిపితే రూపాయి రాదు, డబ్బాలు నింపితే నెలనెలా అద్దె వస్తుంది.

దీన్ని అంకెల్లో చూద్దాం. ఇవి మేము ఊహించి వేసినవే, లెక్క అర్థం కావడానికి. ఒక సెల్లార్‌కు గోడౌన్‌గా నెలకు 40,000 అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 4 లక్షల 80 వేలు. పార్కింగ్‌గా ఉంచితే సున్నా. పట్టుబడితే 50,000 జరిమానా అనుకుందాం, పట్టుబడే అవకాశం పదేళ్లకొకసారి. అంటే ఏడాదికి సగటు జరిమానా 5,000. ఎదురుగా ఉన్నది 4,80,000. ఇప్పుడు జరిమానాను పదింతలు చేసి 5 లక్షలకు పెంచుదాం. పట్టుబడేది అప్పుడూ పదేళ్లకొకసారే అయితే ఏడాదికి 50,000 తేలుతుంది. యజమాని ఇంకా లాభంలోనే ఉన్నాడు. ప్రతి దుర్ఘటన తర్వాత "కఠినంగా శిక్షిస్తాం" అన్న మాట ఎందుకు పనిచేయదో ఈ చిన్న గుణకారం చెబుతుంది.

ఈ గుణకారాన్ని ఆర్థికశాస్త్రంలోకి తెచ్చినవాడు గ్యారీ బెకర్. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థికి మౌఖిక పరీక్ష పెట్టడానికి వెళుతుండగా ఆయనకు ఆలస్యమైంది. కారు సరైన చోట నిలిపి నడిచి వెళ్లాలా, దగ్గర్లోనే నిబంధనకు విరుద్ధంగా నిలిపి చలానాకు సిద్ధపడాలా అని లెక్క వేసుకున్నాడు. రెండోదే ఎంచుకున్నాడు. ఆ ఆలోచనే 1968లో నేరం, శిక్షల మీద ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసానికి బీజం. ఎంత పెద్ద శిక్ష అన్నదాంతో పాటు పట్టుబడే అవకాశం ఎంత అన్నదీ మనిషిని ఆపుతుందని ఆయన చెప్పాడు. మన నగరంలో శిక్ష కాగితం మీద పెరుగుతూ వచ్చింది. పట్టుబడే అవకాశం మాత్రం ప్రమాదం జరిగిన వారం రోజులే ఉంటుంది. తనిఖీ బృందాలు తిరుగుతాయి, నాలుగు షట్టర్లకు సీలు పడుతుంది, ఫొటోలు వస్తాయి. రెండు నెలలకు సీలు ఉండదు, సరుకు ఉంటుంది.

పట్టుబడినా ఫర్వాలేదన్న ధీమాను ప్రభుత్వాలే కల్పించాయి. అక్రమ కట్టడాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరులో వచ్చింది. ఇదే ఆఖరు అన్నారు. 2015 నవంబరులో తెలంగాణలో మళ్లీ వచ్చింది. అప్పుడూ ఆఖరు అన్నారు. అది హైకోర్టులో చిక్కుకుంది, అది వేరే సంగతి. ఎనిమిదేళ్లలో రెండుసార్లు "ఆఖరి అవకాశం" చూసిన యజమాని ఏం నేర్చుకుంటాడు? నిబంధన పాటించినవాడు నష్టపోయాడు, మీరినవాడు కాస్త ఆగి రుసుముతో బయటపడ్డాడు. నష్టాన్ని వేరొకరు మోస్తారని తెలిసినవాడు జాగ్రత్త తగ్గిస్తాడన్నది బీమా వ్యాపారంలో పాత పాఠం. క్రమబద్ధీకరణ ద్వారా ఖజానాకు వచ్చిన ప్రతి రూపాయి వెనుక ముందుముందు జరగబోయే ఉల్లంఘనకు ఇచ్చిన భరోసా ఉంది. ఆదాయం కోసం మళ్లీ అలాంటి పథకం తెస్తామని ఏ ప్రభుత్వం ఆలోచించినా, ఆ ఆలోచన దగ్గరే ఆగిపోవాలి.

నిబంధనలు గీసిన గీతలు కూడా ఇలాగే తప్పుడు సంకేతాలు పంపుతాయి. అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం నివాస భవనానికైతే 18 మీటర్లు, వాణిజ్య భవనానికైతే 15 మీటర్ల ఎత్తు నుంచి తప్పనిసరి. అందుకే స్టిల్టు మీద ఐదు అంతస్తులు కట్టి 18 మీటర్లకు కాస్త కిందనే ఆగడం నగరమంతటా వాడుక అయింది. ఆ గీతకు కింద ఉన్న ఇల్లు సురక్షితమని చట్టం ఎక్కడా అనలేదు, ఆ ఇంటి మీద కన్ను తక్కువ పడుతుంది, అంతే. ఎత్తు కొలిచే చట్టం ఆ భవనం కింద ఏముందో కొలవదు. నాలుగంతస్తుల ఇంటి కింద రెజిన్ డ్రమ్ములున్నాయా, ఇరవై అంతస్తుల ఇంటి కింద ఖాళీ పార్కింగ్ ఉందా అన్న తేడా ఆ కొలతలో కనిపించదు.

రెజిన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. పాలియెస్టర్ రెజిన్‌ను సాధారణంగా స్టైరీన్ అనే ద్రవంలో కరిగించి అమ్ముతారు. స్టైరీన్ ఆవిరి దాదాపు 31 డిగ్రీల దగ్గరే నిప్పందుకునే స్థితికి వస్తుంది. హైదరాబాద్‌లో అది ఎండాకాలపు ఉదయపు వేడి. మూతపడిన సెల్లార్‌లో ఆ ఆవిరి గాలి కన్నా బరువుగా నేలబారున పరుచుకుంటుంది. స్విచ్ వేసినా, వెల్డింగ్ చేసినా, సిగరెట్ పడేసినా చాలు. అంటుకున్నాక నల్లటి పొగ మెట్ల దారినే పొగగొట్టంలా వాడుకుని పైకెక్కుతుంది. పెయింటు, థిన్నర్, ఫోమ్, ప్లాస్టిక్, లిథియం బ్యాటరీలు, ఒక్కోదాని స్వభావం వేరు, కానీ పైన నిద్రపోతున్నవాళ్లకు వచ్చే ఫలితం ఒకటే. బట్టల బేళ్లకూ వీటికీ తేడా ఉంది. రెండిటినీ "సరుకు" అనే ఒకే మాటతో కప్పేయడం వల్లే తనిఖీలు గురి తప్పుతున్నాయి.

మరి పైవాళ్లు ఎందుకు అడగరు? అద్దెకు దిగే కుటుంబం నీళ్లొస్తాయా, లిఫ్టు ఉందా, బడి దగ్గరా అని చూస్తుంది. సెల్లార్‌లో ఉన్న నీలం డ్రమ్ములో ఏముందో దానికెలా తెలుస్తుంది? తెలిసినది అమ్మేవాడికీ కొనేవాడికీ. ప్రమాదాన్ని మోసేది ఆ బేరంలో లేని మూడోవాడు. వందేళ్ల కిందట, 1920లో, ఆర్థర్ పిగూ అనే కేంబ్రిడ్జి ఆచార్యుడు ఈ పరిస్థితికి సిద్ధాంతం కట్టాడు. ఒకరి వ్యాపారం వేసే భారం బేరంలో లేని మూడో మనిషి మీద పడితే మార్కెట్టు ధర అబద్ధం చెబుతుంది, ఆ భారాన్ని పన్నుగానో మరో రూపంలోనో వ్యాపారి ఖర్చులోకి తిరిగి చేర్చాలి అన్నాడు. "మార్కెట్టే చూసుకుంటుంది, అధికారులు అడ్డు రావొద్దు" అని వాదించేవాళ్లు ఈ మాట మరచిపోతున్నారు. సెల్లార్ అద్దెలో పైన ఉన్నవాళ్ల ప్రాణభయం కలిసి లేదు. కలిస్తే ఆ అద్దె ఎవరికీ గిట్టదు.

ఇందులో రెండో నష్టం కూడా ఉంది. సెల్లార్ గోడౌన్ అయితే కార్లు, స్కూటర్లు వీధికెక్కుతాయి. అబిడ్స్‌లో రోడ్డు పక్క బండి పెట్టడానికి జనం పడే తిప్పలు అందరికీ తెలుసు. ఆ బండ్లే అగ్నిమాపక శకటానికి అడ్డం. అంటే మంటను పుట్టించే కారణమూ, మంటను ఆర్పే దారికి అడ్డమూ, రెండూ ఒకే సెల్లార్ నుంచి పుడుతున్నాయి. నాంపల్లిలో మెట్రో సంస్థ తలపెట్టిన బహుళ అంతస్తుల యంత్ర పార్కింగ్ ఏళ్లకేళ్లు సాగింది. అలాంటివి పది కట్టినా, ఉన్న సెల్లార్లను తిరిగి తీసుకోకపోతే ప్రజాధనంతో కొత్త పార్కింగ్ కట్టి పాత పార్కింగ్‌ను గోడౌన్లకు వదిలేసినట్టే అవుతుంది.

ఈ లెక్క తిరగరాయడం అసాధ్యం కాదని చెప్పడానికి ఉదాహరణ నాంపల్లిలోనే ఉంది. నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం రాష్ట్ర ఆర్థిక సర్వేకు నిధుల కోసం పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ప్రదర్శన అది. తర్వాత ఇప్పటి మైదానానికి మారింది. 2019 జనవరి 30 రాత్రి అక్కడ వందలాది స్టాళ్లు కాలిపోయాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వ్యాపారుల సరుకంతా బూడిదైంది. ప్రాణనష్టం జరగలేదు. తర్వాత వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది, అగ్నిమాపక అనుమతి లేకుండా ప్రదర్శన ఎలా జరుపుతారని నిలదీత మొదలైంది. నుమాయిష్ నడిపే సొసైటీ మైదానంలో నేల కింద నీటి గొట్టాలు, హైడ్రెంట్లు వేయించింది. నుమాయిష్ మళ్లీ జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది. అక్కడ ఎందుకు వీలైంది? బాధ్యుడు ఒక్కడే ఉన్నాడు, గేటు ఉంది, అనుమతి ఆగితే టికెట్ల ఆదాయం మొత్తం ఆగుతుంది. భద్రతకు పెట్టే ఖర్చు కంటే భద్రత లేకపోతే వచ్చే నష్టం ఎక్కువైంది. గేటు బయట, కూతవేటు దూరంలో, వందలమంది యజమానుల చేతుల్లో ఉన్న సెల్లార్లకు అలాంటి ఒత్తిడి లేదు.

ఆ ఒత్తిడి తేవడానికి కొత్త చట్టాలు అక్కర్లేదు. జీఎస్టీ నమోదులో వ్యాపారి తన గోడౌన్లన్నిటినీ అదనపు వ్యాపార స్థలాలుగా చూపించాలి. చూపించని చోట సరుకు దొరికితే పన్ను శాఖ ఊరుకోదు. ఆ జాబితా పన్ను శాఖ దగ్గర ఉంది. ఏ మీటరు గృహ కేటగిరీ, ఏది వాణిజ్య కేటగిరీ అన్నది విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర ఉంది. సెల్లార్ పార్కింగ్‌కని ఆమోదించిన ప్లాన్ నగరపాలక సంస్థ దగ్గర ఉంది. 2024లో పుట్టిన హైడ్రా అనే సంస్థ చేతిలో విపత్తు స్పందన బాధ్యత ఉంది. మొదటి మూడు చోట్ల ఉన్న కాగితాలు పక్కపక్కన పెడితే, పార్కింగ్ అని రాసిన చోట ఎవరి సరుకుందో చాలావరకు కుర్చీలోంచి కదలకుండానే తేలిపోతుంది. పన్ను కోసం సరుకును వెతికి పట్టుకోగల రాజ్యానికి ప్రాణం కోసం అదే సరుకు కనిపించకపోవడాన్ని మేము అంగీకరించలేం. జాబితాకెక్కని దొంగ గోడౌన్లు ఉంటాయి, నిజమే. వాటికోసం వీధి తనిఖీ కావాలి. తనిఖీ ఎప్పుడొస్తుందో ముందుగా తెలియకుండా, ప్రతి మూడు నెలలకు, ఒక వీధి నుంచి మరో వీధికి చీటీ తీసినట్టు జరగాలి. పట్టుబడే అవకాశాన్ని పదేళ్లకొకసారి నుంచి ఏడాదికొకసారికి తెస్తే జరిమానా పెంచకుండానే ఏడాది సగటు 5,000 నుంచి 50,000కు పెరుగుతుంది, కానీ అదొక్కటే చాలదు. దాంతో పాటు జరిమానా ఏడాది అద్దెకు మించి ఉంటే యజమానికి మిగిలేదేమీ ఉండదు.

బీమా మరో దారి. భోపాల్ విషాదం తర్వాత 1991లో ప్రజా బాధ్యతా బీమా చట్టం వచ్చింది. ప్రమాదకర పదార్థాలు నిల్వచేసేవాళ్లు బయటివాళ్లకు జరిగే హానికి ముందే బీమా తీసుకోవాలన్నది దాని సారం. అయితే అది నిర్ణీత పరిమాణాలకు మించిన నిల్వలకే వర్తిస్తుంది. ఫ్యాక్టరీలను మనసులో పెట్టుకుని రాసిన ఆ పరిమితుల కింద నుంచి చిన్న సెల్లార్ జారిపోతుంది. జనావాసాల మధ్య ఉన్న నిల్వలకు ఆ పరిమితులను బాగా దించాలి. అప్పుడు ప్రీమియం నిర్ణయించడానికి బీమా కంపెనీ తన మనిషిని సెల్లార్‌లోకి పంపుతుంది. మామూళ్లకు లొంగని తనిఖీ అది అని మేము అతిగా నమ్మడం లేదు. కానీ తప్పు చూసి వదిలేస్తే తన డబ్బే పోయే తనిఖీదారు ఒకడుంటాడు. పరిహారం ఖజానా నుంచి కాక, డ్రమ్ములు పెట్టినవాడి జేబు నుంచి వస్తుంది.

వ్యాపారుల వాదన వినకుండా ఈ మాటలన్నీ చెప్పడం న్యాయం కాదు. రెండు తరాలుగా ఆ వీధినే నమ్ముకున్న చిన్న దుకాణదారును ఒక్కరోజులో నలభై కిలోమీటర్ల అవతలికి పొమ్మంటే వ్యాపారం చచ్చిపోతుంది, దాన్ని నమ్ముకున్న హమాలీలు, గుమాస్తాలు, ఆటోవాళ్లు రోడ్డున పడతారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారం తరలించినప్పుడు వసతులు సరిగా లేవని వ్యాపారులు ఎంత మొత్తుకున్నారో చూశాం. అందుకే అన్నిటినీ తరలించమని మేము అనడం లేదు. ద్రావకాలు, రెజిన్లు, పెయింట్లు, ఫోమ్, పెద్దమొత్తంలో బ్యాటరీలు, ఇవి మాత్రం మనుషులు నిద్రపోయే కప్పు కింద ఉండకూడదు. వీటికోసం నగరానికి దగ్గరగా, అగ్నిమాపక ఏర్పాట్లతో, తక్కువ అద్దెకు ఉమ్మడి గోడౌన్లు ప్రభుత్వం కట్టించాలి. వాటి నుంచి అబిడ్స్‌కు రోజూ వేళ ప్రకారం తిరిగే సరుకు బండ్లకు మొదటి రెండేళ్లు కిరాయిలో రాయితీ ఇవ్వాలి. అది ఖర్చే. కానీ ప్రతి విషాదం తర్వాత పంచే పరిహారం, కూల్చివేత, ఆసుపత్రి, కోర్టు ఖర్చులు కూడా అదే ఖజానా నుంచి పోతున్నాయి. ఆ ఖర్చు ఒక్క సెల్లార్‌ను కూడా ఖాళీ చేయించదు.

ఉద్యోగాలు పోతాయన్న వాదనకు ఒక్క మాట. బోయిగూడలో, డెక్కన్ భవనంలో, స్వప్నలోక్‌లో పోయినవాళ్లు ఉద్యోగులే, కూలీలే. ఉపాధి పేరు చెప్పి ఈ గోడౌన్లను కాపాడేవాళ్లు ఆ ఉపాధి చేసేవాళ్ల ప్రాణాలను లెక్కలోంచి తీసేస్తున్నారు.

ప్రభుత్వం ముందు ఒక చిన్న పని ఉంది, దానికి కేబినెట్ తీర్మానం కూడా అక్కర్లేదు. అబిడ్స్, నాంపల్లి, ట్రూప్ బజార్, బజార్‌ఘాట్ ప్రాంతాల భవనాల ఆమోదిత ప్లాన్లను, జీఎస్టీ గోడౌన్ చిరునామాలను, వాణిజ్య మీటర్లను సరిపోల్చి, ఏ సెల్లార్‌లో ఏ రకం సరుకు ఉందో ఆ భవనం గేటు దగ్గరే తెలుగు, ఉర్దూ, హిందీల్లో బోర్డు మీద రాసి పెట్టించాలి. అద్దెకు ఇల్లు చూడటానికి వచ్చిన మనిషి గేటు దగ్గర నిలబడి అది చదవగలగాలి. ఆ తర్వాత ఆ ఇంటికి అద్దె ఎంత పలుకుతుందో, యజమాని సెల్లార్‌ను ఎన్నాళ్లు అలా ఉంచుతాడో చూద్దాం. ఎండలు ముదిరేలోగా ఈ పని మొదలుకావాలి. ఏ అధికారి సంతకంతో, ఏ తేదీకి మొదలవుతుందో నగరపాలక సంస్థ ప్రజలకు చెప్పాలి.